సత్తు పడవ

సొసైటీ ప్రెసిడెంటు చెంగల్రాయుడు నన్ను పిలిపించి
"సత్తు గిన్నెల సొట్టలు తీసేవాడివి గదా,
ఈ పడవ దేనికి పనికొస్తాదో చూసి చెప్పు" అన్నాడు.
చిత్తూరు ఆఫీసునుంచి వచ్చిన కాగితంలో
ఉపయోగములు అని ఒక గడి,
అగ్గిపెట్టె అంత.

ముందు వేలికణుపుతో తట్టినాను,
సంతలో కుండ కొనే ఆడోళ్లు తట్టినట్టు.
టంగుమనలా. డబ్బుమనింది.
మందం ఉండాది. మోసం లేదు.
రివెట్లు లెక్కబెట్టినాను.
ఎడమపక్క నూటపన్నెండు, కుడిపక్క నూటపదకొండు.
తక్కువైన ఆ ఒక్కటి యాడుందో అని
పొద్దువాలేదాకా పడవ చుట్టూ తిరిగినాను.

పన్నెండడుగుల పొడుగు. మోయాలంటే ఇద్దరు కావాల.
కన్నియప్ప తన పుట్టిని ఒక్కడే నెత్తిన బోర్లించుకుని
తాబేలు లేచి నడిచినట్టు గట్టెక్కుతాడు.
ఆయనకు ఇదంటే మొదట్నించీ గిట్టదు.
"దీన్ని చేసినోడు చేపలకు చెవుల్లేవనుకున్నాడా?"
అన్నమాట నిజమే.
తెడ్డు రొంత అంచుకు తగిలిందా,
ఆరణియారు ఆ గట్టుదాకా
వంటింట్లో పిల్లి దూరిన చప్పుడు.
జిలేబీలన్నీ అడుక్కి పోతాయి.
ఇంక మిట్టమధ్యాన్నం దాంట్లో కూచోడమంటే
దోసె పెనం మీద కూచోడమే,
గోనెసంచి తడిపి పరుచుకోవాల.
ఇవన్నీ గుర్తు పెట్టుకున్నాను.
నష్టములు అని మాత్రం కాగితంలో గడి లేదు.

ఎండాకాలం నీళ్లు దిగిపోయి రాళ్లు తేలినాయి.
పుట్టి అయితే ఆ రాళ్లమీద చినిగేది.
ఇది కడుపు గీరుకుంటా, పండ్లు కొరుకుతా
దాటుకుని పోయింది.
సొట్టపడతాది, చిల్లిపడదు.
సొట్టకు నేనుండాను.

నీళ్లు ఇంకా దిగి, పడవ బురదలో కూలబడినాక
పొన్నెమ్మ దాంట్లో విత్తనవడ్లు నానబెట్టింది.
ఒకరి మేకపిల్లలు అందులోనే పెరిగినాయి.
నాగలాపురం పెళ్లిలో సాంబారు కలిపింది దీంట్లోనే అంటారు.
అబద్ధం.
కలిపింది మజ్జిగ.

కార్తీకంలో తుపాను.
గేట్లెత్తినారు, కిందున్న కాజ్‌వే మునిగింది.
పద్దెనిమిది దినాలు అవతలి ఇండ్లకు
గ్యాస్ బండలు, గుడ్ల అట్టలు,
బాలింతకు కారప్పొడి, సెల్లుకు చార్జరు,
ఏది చెప్తే అది మోసింది.
ఒడ్డున నిలబడి కన్నియప్ప చూసినాడు,
మెచ్చుకోలా.

పదకొండో దినం ఆయన పెండ్లాం పోయింది.
కాడు ఇవతలి గట్టున ఉండాది.
తెల్లారకముందే మా ఇంటికొచ్చి
వాకిట్లో నిలబడి నేల చూస్తా అడిగినాడు,
"ఆ సత్తుది ఇప్పిస్తావా?"
నీ పుట్టి ఉండాది గదా అనబోయి
నోరు మూసుకున్నాను.
పుట్టి తిరుగుతాది. ఎంత పనిమంతుడు తోలినా
గింగిరం కొట్టకుండా పోదు.
కాటికి పోయే మనిషి
మాటిమాటికీ ఇంటిపక్కకు మొగం తిప్పకూడదు.

ఆయనే తోలినాడు.
ఎర్రనీళ్లలో గీత గీసినట్టు వచ్చింది పడవ.
ఆ గట్టునుంచి ఈ గట్టుదాకా
తెడ్డు ఒక్కసారి కూడా అంచుకు తగలలా.

నీళ్లు తీసినాక ప్రెసిడెంటు మళ్లీ అడిగినాడు.
గడి చిన్నది, నా అక్షరాలు పెద్దవి.
నేరుగా పోతాది, అని రాసిచ్చినాను.
"ఇదేం ఉపయోగమబ్బా?" అన్నాడు.
చేపలు పట్టుటకు అని పక్కన ఆయనే చేర్చుకుని
ముద్ర వేసినాడు.

నేను కొయ్యసుత్తి తీసుకుని
ముక్కుకాడ కొత్త సొట్ట చూసుకుంటా కూచున్నాను.
ఆ నూటపన్నెండో రివెట్టు జాగా
ఈ దినందాకా దొరకలా.
నీళ్లు మాత్రం
యాడనుంచీ రాలా.