వెంట్రుకవాసి

బయట మైనస్ ఇరవై ఆరు.
టోర్నియో నది మీద మంచు
అవతల స్వీడన్ ఒడ్డు దాకా ఒకటే పలక.
షెడ్డులో నూనె పొయ్యి పొద్దుటి నుంచీ దగ్గుతోంది.
స్టాండు మీద తలకిందులుగా ఇంజిన్ బ్లాకు,
దాని పక్కన యాల్మరి,
పంతొమ్మిదేళ్ళ తొందర.

"కొత్త బేరింగులు, కొత్త రింగులు.
డబ్బా మీద సైజు రాసే ఉంది కదా రైలీ,
బిగించేద్దాం."

డబ్బా మీద ఉన్నది
డబ్బా చెప్పే సైజురా అబ్బాయ్.

పోయిన ఫిబ్రవరిలోనూ ఇదే మాటన్నాడు.
మంచు ట్రాకు మీద ఏడో చుట్టులో
టర్బో ఊదిన ఊపుకి
మూడో సిలిండర్లో పైరింగు వేడెక్కి సాగింది.
సాగేందుకు చోటు లేదు.
కొసా కొసా ఢీకొని
గోడను గీరి
పిస్టన్ అంచును పెళ్ళగించింది.
ఆ ముక్క ఇప్పటికీ కిటికీ గట్టు మీదే ఉంది.
దానివైపు చూడకుండా కాఫీ తాగడం
వాడు నేర్చుకున్నాడు.

రింగును సిలిండర్లోకి దించి
పిస్టన్ తలతోనే మెల్లగా నెడతాను,
ఏ పక్కకీ ఒరగకుండా.
తెగిన చోట ఫీలర్ రేకు దూరిస్తే
మిల్లీమీటరులో నూరో వంతులు ముప్పై అయిదు.
పాలు తెచ్చుకునే కారుకైతే చాలు.
గాలిని గొంతులోకి కుక్కే ఈ రకానికి
యాభైకి తగ్గితే ఒప్పుకోను.
ఆకురాయి పట్టు. ఒక్క కొసనే అరగదియ్యి,
బయటి నుంచి లోపలికి.
మూడు రాపిళ్ళు. ఆగు. కొలువు.
ఎక్కువైతే, పోయిన ఇనుము
కాళ్ళు పట్టుకున్నా తిరిగిరాదు.

వాడు మూడు రాసి ఆగాడు.
నాలుగోదానికి చెయ్యి లేచింది,
కిటికీ గట్టు వైపు చూశాడు,
దించేశాడు.

బేరింగుల దగ్గరకొచ్చేసరికి
పెద్ద మైక్రోమీటరు నేనే తీసుకున్నాను.
ముప్పై ఒక్కేళ్ళు కాగితం మిల్లులో
రోలర్లు సానపట్టిన చేతులు.
ఇనుము నాతో అబద్ధమాడదని ఓ పొగరు.
ఒకటో మెయిన్: ఖాళీ నలభై మైక్రాన్లు.
రెండోది నలభై.
మూడోదీ అంతే.
అరవై ఉండాలి!
నూనె పొర నిలిచేదెక్కడ?
కెమిలో షాఫ్టు సానపట్టిన వాణ్ణి
వాడి గురువుతో సహా కడిగేశాను.
ఫోను తీశాను కూడా.

"రైలీ,"
వాడు గుడ్డతో వేళ్ళు తుడుచుకుంటూ అన్నాడు,
"ఆ మైక్రోమీటరు రాత్రంతా
నీ వ్యానులోనే ఉంది కదా."

పొయ్యి దగ్గింది.

చలికి ముడుచుకున్న కొలత
షాఫ్టును లావుగా చూపిస్తుంది.
ఈ ముక్క మిల్లులో కొత్తగా చేరిన
ప్రతి పిల్లకీ మొదటిరోజే చెప్పేదాన్ని.
ఫోను జేబులో పెట్టాను.
మైక్రోమీటరును బ్లాకు పక్కనే పడుకోబెట్టి
రెండు గంటలు కాఫీ తాగాం.
ఎవరం ఏమీ అనలేదు.
వాడు దాల్చినచెక్క రొట్టె మూడోది తింటూ
నా వైపు చూసి నవ్వకుండా ఉండటానికి
చాలా కష్టపడ్డాడు.

ఆ తర్వాత అరవై.
అయిదు మెయిన్లూ అరవైకి అటూ ఇటూ.
నమ్మకం చాలక
జర్నల్ మీద సన్నటి మైనపు దారం పరిచి
క్యాపు బిగించి, షాఫ్టు కదలనీకుండా,
మళ్ళీ విప్పి చూశాం.
నలిగిన దారం వెడల్పూ అదే సాక్ష్యం చెప్పింది.

"అరవై మైక్రాన్లంటే ఎంత?"
"వెంట్రుకవాసి."
"ఎవరి వెంట్రుక?"

ఆ ప్రశ్న నన్నింతవరకూ ఎవరూ అడగలేదు.
చిన్న మైక్రోమీటరు తీశాను. ఇది వెచ్చగానే ఉంది.
వాడు నెత్తిన ఒకటి పీక్కున్నాడు, ఎర్రటిది:
డెబ్బై నాలుగు.
నాది నెరిసింది, రెండుసార్లు జారిపోయింది:
నలభై తొమ్మిది.

మన ఇంజిన్ ఈ రెంటికీ మధ్యన
ఎక్కడో తిరగబోతోంది.
నూనె డబ్బా అందుకో.