బీడుకు కౌలు

మార్చి నెల. అయోవాలో మంచు ఇంకా
బండి గాడుల్లో మురికిగా మిగిలే ఉంది.
ఆర్డిస్ ట్వేట్ వంటగదిలో బల్ల మీద
ముప్ఫై నాలుగు ఎకరాల పటం పరిచాను.
వాగు పక్కన నేను పచ్చ పెన్సిలుతో గీసిన ముక్క
ఆమె కాఫీ కప్పు కింద సగం దాగింది.

"ఇందులో ఏమీ వేయకూడదు, అంతేగా?"
గడ్డి వేయాలి, అన్నాను. పదేళ్లు ఉంచాలి.
దున్నకూడదు. గింజ అమ్మకూడదు.
ఏటా అక్టోబర్లో ప్రభుత్వం కౌలు పంపుతుంది.
"బీడుకు కౌలు," అందామె,
ఆ రెండు మాటలూ ఎన్నడూ
ఒకే బల్ల దగ్గర కూర్చోలేదన్నట్టు.

హార్లన్ చాళ్లు తీగ లాగినట్టుండేవి.
రోడ్డున పోయేవాళ్లు బండి నెమ్మది చేసి చూసేవాళ్లు.
ఆ తిన్నని చాళ్ల వెంటే
ప్రతి మే నెల వానకీ నీళ్లు కిందికి దిగేవి,
ఉత్త చేతుల్తో కాదు.
ఆయన పోయిన ఏడాది
ట్రాక్టర్ ముందు చక్రం ఆ గండిలో దిగబడి
రెండు రోజులు అలాగే ఉంది.
నేను గొట్టం దింపి తీస్తే
నల్లమట్టి జానెడు రాలేదు.
"మా మామగారి నాటికి ఇంతుండేది,"
స్వెటర్ చెయ్యి పైకి మడిచి
మోచేయి చూపించింది.

"సంతకం పెట్టకపోతే ఏమన్నా చేస్తారా?"
ఏమీ చేయరు.
"పెడితే మెచ్చుకుంటారా?"
లేదు. చెక్కు వస్తుంది.
లొవెల్ స్ట్రాండ్ మొక్కజొన్నకని
ఎకరాకి నలభై డాలర్లు ఎక్కువిస్తానన్నాడు.
అది నాకూ తెలుసు, ఊరికంతా తెలుసు.
'స్వచ్ఛందంగా' అన్న మాట దగ్గర
ఆమె వేలు ఆగింది.
నా ఉద్యోగంలో అన్నిటికన్నా బరువైన మాట అది.
తోయడానికి లేదు, లాగడానికి లేదు.
కిటికీ బయటికి చూస్తూ
చల్లారిన కాఫీ తాగుతూ కూర్చున్నాను.

మూడు చోట్ల పెట్టాలి. మూడోదానికి కలం ఆగిపోతే
ఫ్రిజ్ మీంచి పెన్సిలు తెచ్చింది.
పెన్సిలు చెల్లదన్నాను.
"మరి నీ పచ్చ గీత?"

మొదటి ఏడు వచ్చిందంతా కలుపే, నడుమెత్తున.
లొవెల్ కంచె దగ్గర ట్రక్కు ఆపి
"పంట బ్రహ్మాండం ఆర్డిస్! కోతకి మనుషుల్ని పంపనా?"
చర్చి భోజనాల్లో
బంగాళాదుంపల గిన్నె జరిపేటప్పుడూ అదే నవ్వు.
ఆమె నాకు ఫోన్ చేసింది.
వాన పడుతుందా అని అడిగి పెట్టేసింది.
వేళ్లు ముందు కిందికి పోతాయి,
పైకి రావడానికి వాటికి తొందర లేదు
అని చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

మూడో ఏడు, జూన్. రాత్రంతా వాన, నాలుగు అంగుళాలు.
తెల్లారి కల్వర్టు దగ్గర బండి ఆపాను.
లొవెల్ వైపు నుంచి నీళ్లు కోకో రంగులో,
ఎక్కడో అర్జంటు పని ఉన్నట్టు.
ఆర్డిస్ వైపు నుంచి
వచ్చీ రానట్టు ఒక పాయ,
అడుగున గులకరాళ్లు లెక్కపెట్టొచ్చు.
కలిసిన చోట కూడా కాసేపు
రెండూ పక్కపక్కనే నడిచాయి.
గడ్డిలో ఒక పిట్ట. నల్లని పొట్ట,
తెల్ల చొక్కా తిరగేసి తొడుక్కున్నట్టు వీపు,
తుప్పు పట్టిన తాళంలో చెవి తిప్పుతున్నట్టు కూత.
నా తనిఖీ ఫారంలో దానికి గడి లేదు.
'ఇతరములు' కింద రాశాను.

ఆగస్టులో ఆఫీసు మూసే వేళ లొవెల్ వచ్చాడు.
టోపీ తీయలేదు.
గోడ మీది క్యాలెండర్ చాలాసేపు చదివాడు.
"ఆ పల్లపు మూల ఉంది చూడు, ఎకరంన్నర,
ఏటా ట్రాక్టర్ దిగబడేది.
దాని సంగతే. మిగతాది కాదు."
సరే, అన్నాను. పటం తీశాను.
"ఆర్డిస్‌కి చెప్పకు."
చెప్పను.
పచ్చ పెన్సిలు చెక్కి గీత మొదలుపెడితే
బల్ల మీదికి వంగాడు.
"కొంచెం," అన్నాడు, "కొంచెం ఇటు జరుపు.
వాగు దాకా."