ఏడు ముద్రలు

నల్లగొండ కోర్టు రికార్డు గదిల
ఫస్లీ పదమూడు వందల నలభై ఒకటి మిసిల్.
ఉర్దూ చదివి చెప్పిండు ఖాదర్ సాబు:
"కుమ్మరి సాయిలు, ఉమ్రు ఇరవై ఆరు,
మోటబాయిల కాలుజారి ఫౌత్."
చేతులు ఎనకకు కట్టి ఉన్నయని రాసింది పంచనామా,
ఎవరు కట్టిన్రని అడగలే.

దొర పేరు ఒక్క తాన్నే:
అమీను గుర్రానికి రెండు శేర్ల ఉలవలు ఇచ్చినందుకు.

సాక్షులు ఏడుగురు. ఏడు పేర్లు, ఏడిండ్లు.
కింద ఏడు బొటనేలి ముద్రలు.
భూతద్దం పెట్టి చూసిన,
ఏడింటి నడుమ ఒక్కటే కొడవలి గాటు.

ఆ గాటు నాకెరుకే.
జొన్నరొట్టె పాలల్ల నానబెట్టి
నా నోట్ల పెట్టిన ఏలు.

తాత సచ్చేదాకా బాయినీళ్లు ముట్టలే.
నడెండల సుత వాగుల చెలిమె తోడుకునేటోడు.
ఎందుకని
మేమూ అడగలే.