గాలికి దారి

ఆలమూరు దాటాక కాలువగట్టు కింద
మాది ముప్ఫై సెంట్ల చెక్క.
రెండు పారలు తవ్వితే చాలు,
అడుగున నీళ్ళు కళ్ళు తెరుస్తాయి.
ఇక్కడ వరి నిలబడుతుంది, అరటి నిలబడుతుంది,
కంద అడక్కుండానే ఊరుతుంది.
ద్రాక్షట!
ఎరువుల కొట్టు బుల్లెబ్బాయి నవ్వి నవ్వి
తాగుతున్న సోడా పొలమారింది.

గొట్టాలు మావే. షామియానా గొట్టాలు.
ఇరవై ఏళ్ళు ఎవరెవరి పెళ్ళిళ్ళకో, పెద్దకర్మలకో
నీడ మోసి
ఏసీ హాళ్ళు వచ్చాక మూలపడ్డవి.
కొబ్బరి మొదలుకి ఆనించి
ఇద్దరు కుర్రాళ్ళని చివర వేలాడదీసి
ఒక్కోటీ విల్లులా వంచాను.
పైన ప్లాస్టిక్కు కప్పేసరికి
మడిలో పడవ బోర్లించినట్టుందంది పల్లాలమ్మ.

మా ఆవిడ. పన్నెండేళ్ళు కడియం నర్సరీల్లో
రోజుకూలికి అంట్లు కట్టిన మనిషి.
ఆకు వేలితో తడిమి చెబుతుంది
దప్పికో, జబ్బో.
ఇన్నాళ్ళూ తనకోసం ఒక్క అంటు కట్టుకోలేదు.
ఎవరో పారేసిన కత్తిరింపుల్లోంచి
తడిగోనెలో చుట్టి తెచ్చింది
పద్నాలుగు పుల్లలు.
పొయ్యిలోకైనా పనికొస్తాయా అనుకున్నాను.
మట్టి మోకాలెత్తు దిబ్బలు పోసి పాతింది.
వేరు కింద నీరు నిలవకూడదట,
గోదారొడ్డున పుట్టి ఆ మాట తనే అంది!

నీళ్ళకి ఏడ్చే ఊళ్ళ గురించి విన్నాం గానీ
నీళ్ళు రాకుండా కాపలా కాయడం
మా ఇంటా వంటా లేదు.
బయట శ్రావణం దంచి కొడుతుంటే
లోపల పొడిమట్టి వాసన.
నలభై అడుగుల అనంతపురం.
అందులో నిలబడి వాన వినడం
డప్పు లోపల కూర్చుని డప్పు వినడం.

రెండో ఏడు తీగ ఎక్కింది.
నులితీగలు దొరికిందల్లా పట్టుకున్నాయి,
కమ్మీనీ, పురికొసనీ, ఆరేసిన నా తువ్వాలునీ.
మా గాలికి చలి తెలీదు, దానికి నిద్ర తెలీదు.
'మనమే పడుకోబెట్టాలి, మనమే లేపాలి' అని
అట్లతద్ది మర్నాడు కత్తెర పట్టింది.
కోసిన ప్రతిచోటా బొట్టు,
బొట్టు వెనక బొట్టు.
'ఏడుస్తోందే' అన్నాను.
'మెలకువొస్తోంది' అంది.

కార్తీకం చివర, పిందె ఆవగింజంత ఉండగా
తుపాను.
సాయంత్రానికి ఆకాశం ఇత్తడి.
రాత్రి పదకొండుకి గొట్టాలు మూలిగాయి,
సొరంగమంతా గుండెల నిండా గాలి పీల్చి
లేచిపోతానంది.
చేతిలో తాడు, నెత్తిన లక్షా ఎనభై వేలు,
రెంటికీ కలిపి ముడి వేస్తున్నాను నేను.
ఆవిడ కొడవలి తెచ్చింది.
'కొయ్యి.'
'ఏంటి కొయ్యేది?'
'కాయితం. గాలికి దారియ్యకపోతే
గొట్టాలూ పోతాయి, తీగా పోతుంది.'

నాకు చెయ్యి రాలేదు.
తనే కోసింది ఈ చివర నుంచి ఆ చివరికి,
పులస పొట్ట చీల్చినట్టు
ఒకటే గీత.
గాలి లోపలికొచ్చింది,
పెళ్ళికొచ్చిన చుట్టంలా అన్నీ తడిమి చూసి
అటువైపు నుంచి వెళ్ళిపోయింది.

తెల్లారి చూస్తే ఊళ్ళో అరటంతా పడుకుని ఉంది.
బుల్లెబ్బాయి కొట్టు రేకులు రెండు మా మడిలో.
మా పక్కటెముకలు ఉన్నాయి,
పద్నాలుగింట తొమ్మిది తీగలున్నాయి.

మాఘంలో పదకొండు గుత్తులు.
తూకం వెయ్యలేదు.
అందని ద్రాక్ష సంగతి నక్కకి తెలుసు,
అందినదాని సంగతి మేం చెబుతాం:
అదీ పుల్లనే.
ఒక కన్ను మూసుకుపోయి చెవులు కదిలేంత పుల్లన.
ఎరువు బాకీకి వచ్చిన బుల్లెబ్బాయి
ఒకటి నోట్లో వేసుకుని కాసేపు ఏమీ అనలేదు.
ఇంకోటి అడిగాడు.

ఇప్పుడు పల్లాలమ్మ ఆ గీతని కుడుతోంది,
దబ్బనంతో, పాత షామియానా గుడ్డ పీలికతో.
తెల్లటి ప్లాస్టిక్కు మీద ఎర్రటి అంచు.
'బిగించి కుట్టు' అన్నాను.
వినలేదు.
మళ్ళీ అలాంటి రాత్రి వస్తే
చీకట్లో వేలికి తగిలేట్టు
ఒక్క దారం లాగితే ఊడేట్టు
వదులుగా వేస్తోంది.