నిచ్చెన వెనక కొస

నిన్న పొట్టిది. ఇవాళ పొడుగుది.
కాక్‌పిట్ మాత్రం అదే,
అదే సీటు, అదే కిటికీ,
అరచేతికి అలవాటైన అదే పిడి.
ఎదర నుంచి చూస్తే కవలలు.
తేడా అంతా నా వీపు వెనక,
నేను తిరిగి చూడలేని చోట.

తిబ్లిసిలో ఇంకా తెల్లవారలేదు.
నది లోయ గాలి రన్‌వే మీద పడి పొర్లుతోంది.
హ్యాంగర్‌లోంచి జురాబ్ టార్చి ఊపాడు:
"రా నెస్తాన్, ఇది చూసి వెళ్ళు."
ఇంకో విమానం తోక.
రంగు లేచిపోయి, రేకు తెల్లగా,
మాడిన గిన్నె అడుగు అట్లకాడతో గీకినట్టు
మూడు మూరల గీత.
"నడిపినవాడికి తెలియనే లేదు.
చివరి వరసలో కూర్చున్న ఏకా విన్నది.
ఆమెకి గొంతు పెగిలేసరికి మబ్బుల్లో ఉన్నారు."

ఆ కుర్రాడు నాకు తెలుసు. మంచి చేయి.
నెలంతా పొట్టిది నడిపిన చేయి.
తప్పు అతనిది కాదు, అలవాటుది
అందామనుకున్నాను. అనలేదు.
అలవాటుకి ఎవరూ జీతం ఇవ్వరు.

మా నాన్న షాల్వా ద్రాక్ష పందిరికి
కొత్త నిచ్చెన కొన్న ఏడు గుర్తొచ్చింది.
పాతదానికి ఏడు మెట్లు, దీనికి పదకొండు.
భుజాన వేసుకుని, ఎదర కొస
దానిమ్మ కొమ్మకి తగలకుండా
ఎంత ఒడుపుగా తిరిగాడో!
వెనక కొస వంటింటి కిటికీలో దూరింది.
అద్దం భళ్ళుమంటే
"ఎవర్రా అది?" అని కేకేశాడు,
నిచ్చెన ఇంకా భుజాన ఉండగానే.

పక్క సీట్లో గోచా వేగం చెప్పాడు.
పాలు నిండిన గిన్నె దించకుండా ఎత్తినట్టు
ముక్కు లేపాను.
సెకనుకి రెండు డిగ్రీలు, మూడంటే అత్యాశ.
నిన్నటిది పదమూడు దాకా ఓర్చుకునేది,
ఇది పది దాటితే నేలని వాసన చూస్తుంది.
చక్రాలు ఇంకా కిందే.
అంతలో పక్కనుంచి గాలి ఒక్క తోపు.
చేయి ఉలిక్కిపడి, లాగు, లాగు అంది.

లాగలేదు.
ముక్కుని ఉన్నచోటే పట్టుకుని
వెనక ఉన్న నలభై మీటర్లు
నన్ను కలుసుకునేదాకా కాచుకున్నాను.
ఎంతసేపో చెప్పలేను. గోచాకైతే ఆవలింతంత.

వార్సాలో సన్నటి వాన.
అందరూ దిగాక తోక కిందికి నడిచి
మునివేళ్ళ మీద లేచి తడిమాను.
రంగంతా ఉంది.
వేలికి కొంచెం మసి.

తిరుగు ప్రయాణానికి
పొట్టిది ఇస్తారట.