పదకొండు దీపాల పలక

మొదట్లో సుద్దముక్కతో రాసేవాళ్ళం
ఏ పడవ వెళ్ళిందో, ఏది ఇంకా రాలేదో.
చిలోయే దీవిలో గోడలకి కూడా చెమట పడుతుంది,
వాన వెలిసిన రోజుల్ని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.
పొద్దున రాసిన పేరు సాయంత్రానికి
పాలచారలా కిందికి కారిపోయేది.

రేవు రేడియో గదిలో కూర్చునే ఎదెల్మీరా నహుయెల్కిన్
ఒకరోజు అడిగింది:
"ఎలెయుతేరియో, నీకు టంకం పెట్టడం వచ్చుగా,
ఒక్కసారి నొక్కితే వెలిగి
నేను ఆర్పేదాకా ఆరని దీపాలు చేసిపెట్టు."

స్విచ్చి చాలదా అన్నాను.
చాలదట. వెళ్ళేవాడు నొక్కేది జెట్టీ చివర,
చలికి కొయ్యబారిన వేలితో, ఒక్క క్షణం.
ఆర్పేది ఈమె, ఇక్కడ,
తిరిగొచ్చిన పడవని తన కళ్ళతో చూశాక.
ఒకచోట వెలిగించింది ఇంకోచోట ఆర్పాలంటే
మధ్యలో గుర్తుపెట్టుకునేది ఏదో ఒకటి ఉండాలి.

గుర్తుపెట్టుకోడానికి మెదడక్కర్లేదు.
బఠానీగింజంత ట్రాన్సిస్టర్లు రెండు చాలు.
ఒకటి ఎన్‌పీఎన్, ఇంకోటి పీఎన్‌పీ.
మొదటిది లేస్తూ రెండోదాని చెయ్యి పట్టి లాగుతుంది,
లేచిన రెండోది మొదటిదాన్ని పడనివ్వదు.
బొత్తాం మీంచి వేలు తీసేశాక కూడా
తాగి ఇంటికి పోయే ఇద్దరు స్నేహితుల్లా
ఒకరి భుజమ్మీద ఒకరు వాలి నిలబడే ఉంటారు.
ఒకడి బేసుని నేలకి తాకించామా,
ఇద్దరూ కూలబడతారు.

అలాంటి జంటలు పదకొండు.
జంటకో ఎర్ర ఎల్ఈడీ,
దాని ముందు పసుపు, ఊదా, గోధుమ చారల నిరోధకం.
రొట్టెలు కాల్చే రేకుకి బెజ్జాలు వేసి బిగించాను,
కింద పడవల పేర్లు నా మేనకోడలు గోళ్ళరంగుతో రాసింది.

మొదటిరోజు తీగలు తప్పు కలిపాను.
ఒకడు నొక్కితే పదకొండూ వెలిగాయి,
రేవుకి రేవే సముద్రం మీద ఉన్నట్టు.
ఎదెల్మీరా నవ్వి నవ్వి
మాతే గిన్నె ఒళ్ళో ఒలకబోసుకుంది.

ఆగస్టులో ఒక రాత్రి
ఉత్తరపు గాలి కరెంటు తీగ తెంపింది.
నాలుగు నిమిషాలు. అంతే.
తిరిగొచ్చిన కరెంటు కుదుపుకి
పలక మీద ఒక్కటే దీపం లేచింది: ఏడు.
ఏడో నంబరు చిగ్వాయ్ వాళ్ళ పడవ,
మే నెల నుంచి ఒడ్డున బోర్లా పడుకుని
తారు పూయించుకుంటోంది.
సముద్రంలో నిజంగా ఉన్నవి రెండు, ఆరు, తొమ్మిది.
ఆ మూడూ చీకటి.
నేను చేసిన పలక
నీళ్ళలో ఉన్నవాళ్ళని ఇంటికి చేర్చేసి
ఒడ్డున ఉన్నదాన్ని తుఫానులోకి తోసింది.
నోట్లో టంకం పొగ రుచి.

ఎదెల్మీరా నన్నేమీ అనలేదు.
ఏడుని ఆర్పింది.
కళ్ళు మూసుకుని తలుచుకుంది
ఎవరు ఎలా వెళ్ళారో:
సిగరెట్టు అరువడిగి మరీ తీసుకెళ్ళినవాడు, రెండు.
పోట్లాడుకుంటూ ఎక్కిన అన్నదమ్ములు, ఆరు.
అసలేమీ మాట్లాడనివాడు, తొమ్మిది.
పరీక్షకని గదిలో పెట్టిన బొత్తాలు
ఒక్కొక్కటే నొక్కింది.
ఒక్కొక్కటే నిలబడింది.

పదకొండున్నరకి రెండు ఆరింది.
ఆరు, తెల్లారే ముందు.
తొమ్మిది మాత్రం పగటి వెలుతురులో
వెలుగుతోందో లేదో కూడా తెలియక
అరచెయ్యి అడ్డంపెట్టి చూడాల్సొచ్చింది.
చూస్తూనే ఉన్నాం.

తర్వాత పాత ట్రక్కు బ్యాటరీ ఒకటి తగిలించాను.
ఏడో జంటకి చిన్న కెపాసిటర్,
ఉలికిపాటు తగ్గడానికి.
ఎదెల్మీరా మటుకు ఇప్పటికీ
చెవి వెనక పెన్సిలు పెట్టుకునే కూర్చుంటుంది.

ఆ పొద్దున పదింటికి వచ్చాడు మిల్యాలోంకో,
తొమ్మిదో నంబరు వాడు.
ఇంజను మొరాయిస్తే ఏదో దీవి చాటున
రాత్రంతా లంగరేసుకున్నాడట.
ఎవర్నీ అడక్కుండా, గదిలోకి నడిచొచ్చి
తన దీపం తనే ఆర్పుకున్నాడు.
బొత్తాం మీద చేప పొలుసు ఒకటి అంటుకుపోయింది.
అది తుడవమని
ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు.