మూడో గోళీ

మాఘం ఇంకా అయిపోలే.
ఎనుమాముల మార్కెట్ల కాంటాల మీంచి
పోయిన పత్తి పోగులు ఇంకా దులుపుతనే ఉన్నరు.
మిర్చి లారీ ఒక్కటి రాలే.
అయినా గాలికి కబురందింది.
మా వాడకట్టంతా
ముక్కులు నలుపుకునుడు షురువైంది.

వసంతమంటే మీకు కోయిల.
మాకు తేజ కాయ, చపాటా కాయ,
రాత్రి మూడింటికి మొగిలి దగ్గు.
ఆ దగ్గుకు కుక్కలు లేచి
ఎవరో వస్తున్నరని సందు మలుపు దిక్కు చూస్తయి.
ఎవరూ రారు.
ఎండాకాలం ఒక్క అడుగు ముందటికొస్తది, అంతే.

ఈయేడు ముందుగాలే తయారైతున్నం.
పండుగకు గోడలకు సున్నమేసినట్టు
రొమ్ముల లోపట సున్నమేసుకోవాలె,
బుర్రుషు ఎట్ల పోతదో తెల్వది గని.

బస్తీ దవాఖానల జరీనా సిస్టర్ ఇచ్చింది
ప్లాస్టిక్ డబ్బ, మూడు గోళీలు, ఒక పైపు.
"ఊదకు కాకా, గుంజు.
పొద్దుగాల పది సార్లు, మాపటికి పది సార్లు."

ఇరవై ఆరేండ్లు
బస్తా మీద బస్తా కప్పు దాకా పేర్చినోడు
గురిగింజ బరువు లేని గోళీ ముందట
పీటేసుకొని కూసున్నడు.
మొదటిది లేచింది.
రెండోది జర కదిలి, సిగ్గుపడి, మళ్ల కూసుంది.
మూడోది ఇనపడనట్టే ఉంది.
"దీనికి నీ గుణమే వచ్చిందే సమ్మక్కా" అన్నడు.
నవ్విన. నవ్విండు.
నవ్వు కాస్త దగ్గయి
చెంబెడు నీళ్లు తాగితే గని ఆగలే.

బీడీ కట్ట బియ్యం డబ్బల దాచిన.
నాలుగొద్దులు అన్నం బీడీ వాసనొచ్చింది.
ఆయన ఏమనలే, రెండో మారు పెట్టుమన్నడు.

పొద్దుగాల జొన్న గట్క, సల్ల.
ముక్కుకు కట్టుకునే తువ్వాలలు రెండు ఉడికేసి ఆరబెట్టిన.
మా చిన్నాడిబిడ్డ ములుగు తొవ్వల
మోదుగు పూలు ఏరి సంచెడు తెచ్చింది.
కాముని పున్నానికి వాటి నీళ్లు పోసుకుంటే
ఎండ ముట్టదంటది మా అవ్వ.
వడదెబ్బ తాకి మూడొద్దులు పడుకున్న ఏడు కూడా
అదే మాట అన్నది.
అయినా నీళ్లు కాగుతుంటే
కాగంతా పొద్దు పొడిచినట్టయితది,
ఆ రంగు చూసుటానికైనా పోసుకోవాలె.

నేను తొడిమెలు తీస్త.
కుప్ప ముందట కూసుంటే పొద్దంతా వంచిన మెడ.
చేతులకు కొబ్బరి నూనె రాసుకుంట,
రాత్రి సల్లల ముంచుకుంట.
చేతుల మంట అందరికీ చెప్తం,
లోపటి మంట ఎవ్వరం చెప్పుకోం.

ఒకనాడు ఆయన పండుకున్నంక
ఆ పైపు కడిగి
నేనూ గుంజిన.
మొదటి గోళీ లేచింది.
రెండోది కదలనే లేదు.
లైటు బంద్ చేసి
డబ్బ ఉన్న తాన్నే పెట్టిన.

తెల్లారి ఆయన పైపును అటిటు తిప్పి చూసిండు.
తడి ఆరలే.
ఏమీ అడగలే.
డబ్బను నా దిక్కు జరిపి
"ముందుగాల నువ్వు" అన్నడు.

ఆనాడే మా కుప్ప మీది పదకొండు మందిమి
సేటు గుమాస్తా తానికి పోయినం.
మూతిగుడ్డలు కావాలె, తాగెతందుకు నీళ్ల డ్రమ్ము నీడకు కావాలె,
కాయ దిగక ముందే.
చూద్దామన్నడు.
చూసేదాంక ఈడనే కూసుంటమన్నది పోచక్క,
కూసుంది కూడా.

ఇయ్యాల లారీ హారన్ ఇనపడ్డది.
రెండోది నాకు సగం దాకా లేస్తుంది,
ఆయనకు మొత్తం.
మూడో గోళీ సంగతి అడగకుండ్రి.

సాయంత్రం వచ్చినంక మళ్ల గుంజుతం.
పైపు కడుగుడు ఆయన వంతు.